సుంకప్ప ఇంటి సర్వరు నిద్ర

ఆ పొద్దున పడమటి ఆకాశం నల్లగా పొంగింది. పొంగి, కొత్తరాళ్ళపల్లి పొలిమేర దాకా వచ్చి, ఇంటి దగ్గర ఏదో మరిచిపోయి వచ్చిన మనిషిలా ఆగి, మండలం వైపు తిరిగిపోయింది. వాకిట్లో వేపపుల్ల నములుతున్న సుంకప్ప దాన్ని చూశాడు. ఎదురింటి అరుగు మీద నుంచి పిండిమర ఓబులేసు కూడా చూశాడు. ఇద్దరిలో ఎవరూ దాన్ని తిట్టలేదు. తిడితే కురిసే మబ్బులే అయితే ఆ ఊళ్ళో ఎప్పుడో వరి పండేది.

వేరుశనగ విత్తి నెల దాటింది. సాళ్ళు కమ్ముకోవాల్సిన మొక్క జానెడు దగ్గరే నిలిచిపోయి, మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటోంది. అయినా సుంకప్ప చూపు మబ్బు మీద ఎక్కువసేపు నిలవలేదు. లోపలి గదిలో సర్వరు నిద్రపోతోందో లేదో చూడాల్సి ఉంది. పుల్ల పారేసి, చెప్పులు వాకిట్లోనే విడిచి, మునివేళ్ళ మీద లోపలికి పోయాడు.

ఈ సర్వరు సంగతి కొంచెం మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఒకప్పుడు ఆ ఊళ్ళో వాన పడిందో లేదో మండలం తేల్చేది. వాన కొలిచే గిన్నె అక్కడ ఉండేది. అందులో పడిన వానే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పడినట్టు లెక్క. మండలానికి ఆనుకొని కొండ ఉంది. మబ్బుకూ ఆ కొండకూ ఏదో చుట్టరికం. అంత దూరం ఇవతల ఉన్న కొత్తరాళ్ళపల్లికి ఆ చుట్టరికం లేదు. ఒక ఏడాది మండలంలో వంకలు పారాయి, ఇక్కడ చేలు నిలువునా ఎండాయి. పంటల బీమా అడగబోతే, మీ ఊళ్ళో బాగా కురిసింది పొమ్మన్నారు. ఆ ఏడు ఊళ్ళో సగం మంది మూట కట్టుకొని బెంగళూరు పోయారు. సుంకప్ప, అతని భార్య లింగమ్మ ఒక మేస్త్రీ కింద సిమెంటు మోశారు. ఎనిమిదో అంతస్తు మీద నిలబడితే వాన బాగా కనిపించేది.

తిరిగి వచ్చాక ఊరంతా ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, సొంత వానకొలత కేంద్రం తెచ్చుకుంది. వర్షమాపన సమన్వయ సంస్థ అనే నోరు తిరగని పేరున్న ఆఫీసు దాన్ని ఇచ్చింది. కేంద్రం అంటే పెరట్లో స్తంభం మీద ఒక రేకు గిన్నె, దానికి తీగతో కలిపిన ఒక నల్ల పెట్టె. పెట్టెను సర్వరు అన్నారు. పంచాయతీ ఆఫీసులో పెడదామంటే వాన వస్తే దాని కప్పు కారుతుంది. వాన కొలిచే పెట్టె వానకు తడవకూడదట. బడిలో కరెంటు నిలవదు. చివరికి సుంకప్ప ఇంట్లో శనక్కాయ మూటలు వేసుకునే గది బాగుందన్నారు. సుంకప్పను గృహ పరిరక్షకుడు అన్నారు. ఆ మాట రాసిన కార్డును అతను కొన్నాళ్ళు మెడలో వేసుకొని చేనికి కూడా పోయాడు. ఎడ్లు పట్టించుకోలేదు.

పెట్టె పని తేలిక. గిన్నెలో చుక్క పడితే లేచి, పడిందని పై ఆఫీసుకు చెబుతుంది. పడకపోతే పొద్దున్నే ఒకసారి లేచి, పడలేదని చెప్పి పడుకుంటుంది. చెప్పాల్సింది చెప్పి పడుకునేవాళ్ళు సుంకప్ప ఎరిగిన మనుషుల్లో తక్కువ. అందుకే అతనికి పెట్టె అంటే గౌరవం.

అంతా బాగుండగా పైన ఎవరికో జ్ఞానం కలిగింది. పని లేకుండా మేల్కొని ఉన్న యంత్రం కరెంటు తింటుందని. నిజమే. అక్కడితో ఆగి ఉంటే అది నిజంగానే మిగిలేది. సంస్థ దాన్ని ఉద్యమం చేసింది. యంత్ర విశ్రాంతి పక్షోత్సవాలు జరిగాయి. మండలంలో ముందు మైకు, వెనక డప్పులతో నిద్ర ఊరేగింపు తీశారు. పని లేని యంత్రాన్ని పడుకోనిద్దాం, పడుకున్న యంత్రాన్ని లేపకుందాం అని బడిపిల్లల చేత చెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయించారు. ఆపైన ప్రతి కేంద్రానికీ ఎంతసేపు పడుకుందో లెక్కగట్టి నెలనెలా నిద్రాంకం వేయడం మొదలుపెట్టారు.

మొదటి నెలలోనే కొత్తరాళ్ళపల్లి జిల్లాకంతటికీ కడగొట్టుగా నిలిచింది.

సుంకప్పకు ఫోను వచ్చింది. "గృహ పరిరక్షకులు సుంకప్పగారేనా? మీ ఆధీనంలోని సర్వరు అకారణ మేల్కొలుపులకు పాల్పడుతున్నట్టు మా దృష్టికి వచ్చింది. వివరణ ఇవ్వగలరు."

సుంకప్ప కాసేపు ఆలోచించాడు. "నేను లేపలే సార్."

"మీరు లేపారని మేం అనలేదు. లేపలేదనడానికి రుజువు లేదని మాత్రమే అంటున్నాం."

"అదే లేస్తాంది సార్."

"యంత్రం తనంతట తాను లేవదు. నిద్రాభంగ కారకం మీ ఇంట్లోనే ఉంది. దాన్ని గుర్తించి తొలగించండి. మెరుగుపడని కేంద్రాలను రద్దు చేసి మండల కేంద్రంలో విలీనం చేయాలని నిర్ణయించడమైనది."

విలీనం అనే మాటకు అర్థం పూర్తిగా తెలియకపోయినా, అది వినగానే సుంకప్ప భుజానికి సిమెంటు మూట బరువు తెలిసింది.

ఆ రోజు నుంచి అతను శనక్కాయ మూట మీద కూర్చొని పెట్టెకు కాపలా కాశాడు. పెట్టె ముందర చిన్న పచ్చదీపం ఉంది. వెలిగితే మెలకువ, ఆరితే నిద్ర. చూస్తుండగానే ఆరింది. సంతోషపడ్డాడు. కాసేపటికి వెలిగింది. సుంకప్ప తన చేతులు చూసుకున్నాడు, కాళ్ళు చూసుకున్నాడు, తానేమీ చేయలేదని తేల్చుకున్నాడు. మళ్ళీ ఆరింది. ఈసారి ఊపిరి బిగబట్టాడు. అయినా వెలిగింది. ఊపిరి కారణం కాదని ఆ విధంగా తేలింది.

లింగమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. "ఏమయ్యా, దాని మొగం చూస్తా కూచుంటే చేన్లో కలుపు ఎవురు తీస్తారు?"

"ఉష్. పండుకుంది."

"నా బిడ్డలు ఉయ్యాల్లో ఉన్నెప్పుడు గూడా నువ్వు ఇట్ల గుసగుసలాడింది లేదు. మెత్తని గొంతు కూడా ఉండాది నీకు, ఇప్పుడు తెలిసె."

ముందు అనుమానం పిల్లి మీదికి పోయింది. దాన్ని గోతాంలో వేసి ఓబులేసు ఇంట్లో విడిచి వచ్చాడు. పిల్లి పోయినా పెట్టె లేచింది. తరువాత మిక్సీ. లింగమ్మ తిట్టుకుంటూ పెరట్లో రోలు కడుక్కుంది. మిక్సీ పోయినా లేచింది. గోడగడియారం దింపాడు. చివరికి బల్లి మిగిలింది. దాన్ని పట్టబోయి మూటల మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. ఇల్లంతా అదిరింది. పెట్టె మాత్రం కదల్లేదు, దీపం వెలగలేదు. చప్పుడుకూ దాని మెలకువకూ సంబంధం లేదని సుంకప్పకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. నడుము పట్టుకొని లేస్తూ, "ఎంత మంచి నిద్రనో సూడు," అని మురిసిపోయాడు. ఏడో తరగతి దాకా చదివిన బుర్ర అంతే మరి, ఎదురుగా ఉన్నదాన్ని చుట్టు తిరిగి పోతుంది.

సాయంత్రం ఓబులేసు అరుగు మీద నుంచి కేకేశాడు. "ఏం బావా, ఇంట్లో కొత్త అల్లుడు పండుకున్న్యాడా, లేచినాడా?"

"లేస్తానే ఉండాడు."

"మర్యాదలు చాల్లేదేమో. కోడిని కోసినావా?"

సుంకప్ప అతని అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.  "నీ పిండిమరే లేపుతాండాదేమో ఓబులేసూ," అన్నాడు. "విలీనం జేస్తారంట. మళ్ళ మండలం వానే మన వాన."

ఓబులేసు నవ్వబోయి ఆగాడు. పిండిమర ఉన్నా అతనికీ నాలుగెకరాల చేను ఉంది. బెంగళూరులో అతను మోసింది ఇటుకలు.

మరునాడు పంచాయతీ ఆఫీసు ముందర ఊరు కూడింది. సర్పంచి తిరుపాలమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు మరీ గొంతు తగ్గించి మాట్లాడింది. "పెట్టె పండుకునే దాకా ఊర్లో ఎవురూ చప్పుడు జేయగూడదు. మన చేన్ల కోసరం," అంది. అందరూ తలలూపారు. చప్పుడు చేయకూడదన్న మాటను వీధివీధికీ డప్పు కొట్టి చెప్పించారు.

ఆ తరువాత కొత్తరాళ్ళపల్లి చేసిన పనులు బయట ఊళ్ళవాళ్ళు చెప్పుకొని నవ్వుకునేవి. సుంకప్ప అనేది మాత్రం ఒకటే, ఎవరూ బలవంతం చేయలేదు, అందరం ఇష్టపడే చేశాం అని. ఓబులేసు పిండిమర ఆపాడు. జనం పిండికి మండలం పోయారు. సుంకప్ప ఇంటి చుట్టుపక్కల కోళ్ళను చెరువు కట్ట అవతలికి తరిమారు. బడిలో ఎక్కాలు పెదవుల్లో చదివించారు. ఎర్రిస్వామి కొడుకు పెళ్ళి మేళం లేకుండా వీధిలో సాగింది. పెళ్ళికూతురు తరఫువాళ్ళు ఎవరో చచ్చిపోయారేమోనని అడిగారు. నిద్రపోతున్నాడని జవాబు చెప్పారు. వాళ్ళు కూడా పాపం, చెప్పులు చేత పట్టుకొని నడిచారు.

పెట్టె లేస్తూనే ఉంది.

నెల తిరిగేసరికి సంస్థ నుంచి నిద్రా సమన్వయాధికారి స్వయంగా దిగాడు. పేరు పరాంకుశం. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు కలాలు, భుజానికి సంచీ. బస్సు దిగిన చోట అంత నిశ్శబ్దం చూసి ఊరు ఖాళీ అయిందనుకున్నాడు. సుంకప్ప ఎదురుపోయి, నోరు మెదపకుండా దండం పెట్టి, ఇంటికి తీసుకొచ్చాడు.

పరాంకుశం గదిని నాలుగు వైపులా చూసి, "నిద్రానుకూలత మధ్యస్థం," అని రాసుకున్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. "గృహ వాతావరణం ఎట్లాంటిది? భార్యాభర్తల మధ్య సంఘర్షణలు ఉంటాయా?"

సుంకప్ప లింగమ్మ వైపు చూశాడు. లింగమ్మ చెప్పింది: "ఉంటాయి సార్. రోజూ."

"ఏ సమయంలో?"

"టైము పెట్టుకోలే. ఇంగమీదట పెట్టుకుంటాము."

పరాంకుశం అది కూడా రాసుకున్నాడు. తరువాత సుంకప్పను అడిగాడు. "ఈ సర్వరు గత నెలలో ఎంత వర్షం నమోదు చేసింది?"

"వాన యాడుంది సార్. రాలే గదా."

"వర్షమే లేనప్పుడు ఇది మేల్కొని ఏం చేస్తోంది?"

"వాన లేదని చెప్తాంది."

పరాంకుశం కలం ఆపాడు. "లేనిదాన్ని చెప్పడానికి మేల్కోవడం దేనికి?"

 సుంకప్పకు ఆ మాట సబబుగానే తోచింది. పడిందంటే చెప్పాలి. పడలేదన్నదాన్ని ఎవరికి చెప్పాలి? తలెత్తి చూస్తే తెలుస్తుంది. ఆ ఊరి కుక్కలకు కూడా తెలుసు. పరాంకుశం తల ఊపితే సుంకప్పా తల ఊపాడు. అట్లా పెద్ద చదువువాడూ ఏడో తరగతివాడూ ఒక మాట మీదికి వచ్చారు.

అప్పుడు పచ్చదీపం ఆరింది. పరాంకుశం వెంటనే పై ఆఫీసుకు ఫోను చేశాడు. గది చిన్నది కాబట్టి అవతలి గొంతు కూడా అందరికీ వినిపించింది.

"సార్, కొత్తరాళ్ళపల్లి నుంచి. సర్వరు ప్రస్తుతం నిద్రలో ఉంది."

"ఉండండి, సరిచూస్తాం."

పచ్చదీపం వెలిగింది.

"మేల్కొంది సార్."

"చూశారా! ఇప్పుడేగా నిద్రలో ఉందన్నారు."

కాసేపటికి దీపం ఆరింది. "మళ్ళీ నిద్రించింది సార్."

"ఉండండి, సరిచూస్తాం."

దీపం వెలిగింది. పరాంకుశం దీపం వైపు చూశాడు. ఫోను వైపు చూశాడు. మెల్లిగా అడిగాడు. "సార్, మీరు సరిచూడటం అంటే ఏం చేస్తారు?"

"నిద్రలో ఉన్నావా అని దాన్నే అడుగుతాం. ప్రతి కేంద్రాన్నీ రోజంతా విడవకుండా అడుగుతూనే ఉంటాం. లేకపోతే నిద్రాంకం ఎట్లా వేస్తాం?"

"అది ఏమంటుంది సార్?"

"నిద్రలో ఉన్నాను అంటుంది."

పరాంకుశం జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెరట్లోకి పోయింది.

"సార్, నా వినయపూర్వక పరిశీలన ఏమిటంటే, మనం అడగడం వల్లనే అది..."

"పరాంకుశంగారూ," అంది ఫోను, "అడగడం సంస్థ బాధ్యత. మేల్కోవడం యంత్రం లోపం. ఈ రెంటినీ కలపకండి."

"అడగడం కొన్నాళ్ళు ఆపి చూస్తే..."

"ఆపితే నిద్రపోయిందని ఎట్లా తెలుస్తుంది?"

పరాంకుశం ఫోను పెట్టేశాడు. లింగమ్మ తెచ్చిన మజ్జిగ గడగడా తాగి, సంచీ సర్దుకొని, వచ్చిన బస్సుకే పోయాడు.

అయితే అతని పరిశీలన వృథా కాలేదు. సంస్థ దాని మీద కూర్చొని చర్చించి, యంత్రం మాటతో పాటు మనిషి మాట కూడా తీసుకోవాలని తీర్మానించింది. ఆ మనిషి గృహ పరిరక్షకుడు. సుంకప్ప ఇప్పుడు నిద్రాసాక్షి కూడా అయ్యాడు. ఫోను మోగినప్పుడల్లా పోయి దీపం చూసి చెప్పాలి. చేన్లో ఉంటే పరుగెత్తుకు రావాలి. రెండు రోజులు పరుగెత్తాడు. మూడో రోజు నుంచి చేనికి పోవడమే మానేశాడు.

"నిద్రలో ఉందా?"

"ఉండాది సార్."

"సరే. మీ సాక్ష్యాన్ని ధ్రువపరచుకుంటాం." అనగానే దీపం వెలిగేది.

మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీయడం సుంకప్పకు పెళ్ళి కాకముందు నుంచీ ఉన్న అలవాటు. అదీ పోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి. కూర్చున్న చోటే తూలేవాడు. ఒకరోజు లింగమ్మ ఇంటి పని విడిచి అతని ఎదురుగా కూర్చుంది.

"పెట్టె పండుకోవల్లని నువ్వు మేలుకొంటాండావు. నువ్వు పండుకుంటివో లేదో నేను మేలుకొని సూడల్లనా? ఇది యాడికి పోయి నిలుస్తుంది?"

"బెంగళూరికి పోకుండా ఉండల్లంటే తప్పదు మే."

ఆమె గోడ పట్టుకొని లేచి, పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె మోకాళ్ళు ఆ ఎనిమిది అంతస్తులనూ ఇంకా మరిచిపోలేదు.

వాన లేదు. మొక్క పూత రాల్చింది. కాయకు ఊడ దిగాల్సిన నేల పగిలి బిగిసింది. ఊళ్ళో మాత్రం చేను కంటే పెట్టె గురించే మాటలు. చేను ఎండినా బీమా ఉంది కదా అని, బీమాకు పెట్టె ఉంది కదా అని, పెట్టెకు నిద్ర కావాలి కదా అని. నోరు తెరిచి ఎవరూ అనలేదు గానీ, అందరి లెక్కా అదే.

పరాంకుశం రెండోసారి వచ్చేసరికి ముఖం ఇంకా సన్నబడి ఉంది. ఇది ఆఖరి తనిఖీ అన్నాడు. ఈసారి కూడా నిద్రాంకం రాకపోతే విలీనం కాగితం మీద సంతకం పడుతుందన్నాడు. ఊరంతా సుంకప్ప వాకిట్లో నిలబడింది.

"జిల్లాలో ఎవురికీ రాలేదా సార్ ఆ అంకం?" అని ఓబులేసు అడిగాడు.

"వచ్చింది. ఒక కేంద్రానికి నూటికి నూరు. వరుసగా అన్ని నెలలూ."

"వాళ్ళు ఏం జేస్తాండారు?"

పరాంకుశం కొంచెం ఇబ్బందిపడ్డాడు. "ఆ కేంద్రం పిడుగుపాటుకు కాలిపోయింది. ఎంత అడిగినా జవాబు రాదు. జవాబు రాకపోతే గాఢనిద్రగా పరిగణించాలని నిబంధన."

 సుంకప్ప గడ్డం గోక్కున్నాడు. అంత తెలివైన ఆలోచన తన జన్మలో అంతకుముందు రాలేదని అతను తరువాత ఒప్పుకున్నాడు, మళ్ళీ రాకుంటే చాలని కూడా అన్నాడు.

"సార్, పైనుంచి అడిగేది ఈ తీగెలోనుంచే గదా వచ్చేది?"

"అవును. గిన్నె నుంచి వచ్చే తీగె కూడా అక్కడే కలుస్తుంది."

"వినపడితే గదా సార్ లేచేది."

పరాంకుశం కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆపైన కుర్చీలోంచి లేచి, "శ్రవణ నిరోధం గురించి నిబంధనల్లో నిషేధం ఏదీ నాకు కనిపించలేదు. కొంచెంసేపు పొలాలు చూసి వస్తాను," అని బయటికి నడిచాడు. అక్కడ చూడటానికి పొలాల్లో ఏమీ లేదు. అయినా బాగా చూశాడు.

సుంకప్ప గదిలోకి పోయాడు. గడప దాకా జనం. పెట్టె వెనక తీగె పట్టుకున్నప్పుడు లింగమ్మ అడిగింది. "అది పీకితే రేపు వాన సంగతి ఎట్ల చెప్తుంది?"

"వాన వస్తే గదా. వచ్చిన రోజు మళ్ళ తగిలిస్తా."

"రాని సంగతి?"

"రానిదాన్ని ఎవురికి జెప్పల్ల మే? ఆకాశం సూస్తే తెలీదా ఎవురికైనా?"

అందరూ నవ్వారు. తిరుపాలమ్మ కూడా నవ్వింది. లింగమ్మ కూడా, నిజం చెప్పాలంటే, కొంచెం నవ్వింది. సుంకప్ప తీగె పీకాడు. పచ్చదీపం ఆరింది. ఊపిరి బిగబట్టి చూశారు. వెలగలేదు. పై ఆఫీసు అడిగింది, అడిగింది, అడుగుతూనే ఉంది. పెట్టె పలకలేదు. ఓబులేసు చప్పట్లు కొట్టాడు. తరువాత అందరూ కొట్టారు. ఆ రోజు నుంచి పిండిమర తిరిగింది, కోళ్ళు ఇళ్ళు చేరాయి. ఎర్రిస్వామి తన కొడుకు పెళ్ళికి బాకీపడిన మేళం ఆ సాయంత్రమే పెట్టించాడు. సుంకప్ప మూడు పూటల నిద్ర ఒక్కసారే పోయాడు.

నెల గడిచేసరికి కొత్తరాళ్ళపల్లి జిల్లాలో మొదటి స్థానానికి వచ్చింది, కాలిపోయిన కేంద్రంతో సమానంగా. మండలంలో సభ పెట్టి సుంకప్పకు శాలువా కప్పారు. పెద్ద అధికారి మాట్లాడుతూ, నిద్ర అంటే ఎట్లా ఉండాలో దేశానికి ఒక కుగ్రామం చూపించిందన్నాడు. ఆదర్శ నిద్రా గృహం అని రాసిన పలక ఇచ్చారు. ఊరివాళ్ళు ట్రాక్టరులో వచ్చి ఈలలు వేశారు. సుంకప్ప ఆ శాలువా రెండు రోజులు విప్పలేదు. ఎండ మాడుతున్నా విప్పలేదు.

చేలు ఎండిపోయాయి. బీమా కోసం ఊరు ధైర్యంగానే ఎదురు చూసింది.

పంట కాలం అయిపోయాక ఒక మధ్యాహ్నం పరాంకుశం వచ్చాడు. ఈసారి సంచీ లేదు, చేతిలో ఒక కాగితం మాత్రం ఉంది. సుంకప్ప వాకిట్లో జనం చేరారు. పరాంకుశం కాగితం చదవకుండా పట్టుకొని నిలబడ్డాడు.

"చెప్పండి సార్. ఏమొచ్చింది మాకు?" అంది తిరుపాలమ్మ.

"ఆఖరి తనిఖీ తరువాత ఈ కేంద్రం నుంచి వర్షం లేదనే సమాచారం ఒక్క రోజు కూడా అందలేదు," అన్నాడు పరాంకుశం.

"వాన లేదు గదా సార్," అన్నాడు సుంకప్ప.

"లేదు. లేదన్న సమాచారం కూడా లేదు. సమాచారం తెగిన కేంద్రానికి ఏడాది మొత్తానికీ సమీప కేంద్రం లెక్కను వర్తింపజేయాలని నిబంధన." కాగితం వైపు చూశాడు. చూడకపోయినా అతనికి కంఠతా వచ్చినట్టుంది. "ఈ ఏడాది కొత్తరాళ్ళపల్లిలో సగటు కంటే అధికంగా వర్షం కురిసింది. పంట నష్టానికి అవకాశం లేదు."



"ఎప్పుడు కురిసె సార్?" అని ఓబులేసు అడిగాడు. "మాకు ఎవురూ చెప్పలేదే."

ఎవరూ నవ్వలేదు. ఓబులేసు కూడా నవ్వించడానికి అన్నట్టు లేదు.

"నేను రాసి చూశాను," అన్నాడు పరాంకుశం. ఈసారి గొంతులో ఆఫీసు లేదు. "మూడుసార్లు రాశాను. చేలు చూశాను అని కూడా రాశాను. కళ్ళతో చూసింది సమాచారం కిందికి రాదన్నారు."

సుంకప్ప ఊరి వైపు చూశాడు. ఎవరైనా తనను ఒక మాట అంటారేమోనని ఎదురు చూశాడు. తీగె పీకినవాడు వీడే అని, శాలువా కప్పుకొని తిరిగినవాడు వీడే అని. అంటే బాగుండు. తిరుపాలమ్మ తన చేతిగాజులు సర్దుకుంటోంది. ఓబులేసు కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. చప్పట్లు కొట్టిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి, ఎవరివి వాళ్ళు వెనక్కి దాచుకున్నారు.

"మేస్త్రీ నెంబరు ఉండాదా బావా నీకాడ?" అన్నాడు ఓబులేసు చివరికి.

"ఉండాది."

"ఒకేసారి అందరమూ చెప్పుకుందాం. ఒక్కచోటే పని దొరుకుతుందేమో."

సుంకప్ప తల ఊపాడు. ఎండ నడినెత్తి దిగింది. పరాంకుశం పోవాల్సిన బస్సు ఊరి చివర హారను కొట్టుకుంటూ పోయింది. అతను దాని కోసం కదల్లేదు.

లింగమ్మ లోపలి నుంచి వచ్చి వాకిట్లో నీళ్ళు చల్లింది. చాపలు పరిచింది. "కూటి పొద్దు దాటింది. కూచోండి," అంది. ఎవరింటికి వాళ్ళు పోతారని ఆమె అనుకోలేదు, ఎవరూ పోలేదు. తిరుపాలమ్మ లోపలికి పోయి విస్తళ్ళు తెచ్చింది. ఓబులేసు చెంబులు నింపాడు.

పరాంకుశం బూట్లు విప్పి, మేజోళ్ళు అందులో కుక్కి, సుంకప్పకూ ఓబులేసుకూ నడుమ కూర్చున్నాడు. లింగమ్మ విస్తట్లో రాగిసంగటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, పప్పు పోసింది. పక్కన ఊరుబిండి పచ్చడి వేసింది. పరాంకుశం ముద్దను నమలబోయి నోట్లో తిప్పుకుంటూ అవస్థపడ్డాడు. ఓబులేసు చూసి, తన విస్తట్లో చిన్న ఉండ తుంచి, పప్పులో పొర్లించి, నమలకుండా మింగి చూపించాడు. పరాంకుశం అట్లాగే చేశాడు. దిగింది.

సుంకప్ప తల ఎత్తకుండా తిన్నాడు. ఊరుబిండి కారంగా ఉంది, కళ్ళలో నీళ్ళు తెప్పించేంత. అందరికీ అట్లాగే ఉన్నట్టుంది. లింగమ్మ ఎవరినీ అడగకుండా రెండో ముద్ద వేసుకుంటూ పోయింది.

ఎవరూ వద్దనలేదు.